టీచరుగారి అరుగు

జగ్గయ్యపేట ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు కరపత్రాల్లో "మన స్టేడియం" అని అచ్చు వేయించుకునేవాళ్ళు. చూసి వెళ్ళిన నందిగామ వాళ్ళు మాత్రం "ఏదీ, ఆ నాలుగు మెట్లా?" అనేవాళ్ళు. అనరా మరి! అవి నాలుగే మెట్లు. గ్రౌండుకి పడమటి పక్కన నాపరాళ్ళు పరిచి కట్టిన నాలుగు వరసలు, ఆ చివర ఒక రేకుల గది, గదిలో చిరిగిన వల, సున్నం బస్తా, మూడు కాళ్ళ కుర్చీ. స్టేడియం అంటే అంతే.

ఎదురుగా తూర్పు గీత దాటగానే కృపావతి టీచరుగారి ఇంటి వెనక గోడ. ఆ గోడకి ఒక కిటికీ. గొడవంతా ఆ కిటికీతోనే వచ్చింది.

కృపావతిగారు హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ భర్త జ్ఞానయ్య డ్రిల్లు మాస్టారు. అరవై తొమ్మిదిలో క్లబ్బు పెట్టింది ఆయనే. అప్పటికి కొత్తగా పెళ్ళయింది. భార్యకి ఆట పిచ్చి ఉందని ఆయనకి తెలుసు, మెట్ల మీద ఆడవాళ్ళెవరూ కూర్చోరనీ తెలుసు. కూర్చోవద్దని ఎవరూ అన్లేదు, రమ్మనీ ఎవరూ అన్లేదు. మన ఊళ్ళల్లో సగం కట్టుబాట్లు ఇలాగే ఉంటాయి, ఎవరు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పరు. ఒక ఆదివారం ఆయన సుత్తీ ఉలీ తీసుకుని వెనక గోడకి తనే కన్నం కొట్టి, కిటికీ పెట్టించి, "నువ్వు గ్రౌండుకి రావటం లేదు కదా కృపా, గ్రౌండే నీ ఇంటికొచ్చింది, చూస్కో" అన్నారట. బంతి వచ్చి వంటింట్లో గిన్నెలు పగలగొట్టకుండా బొటనవేలంత లావు ఊచలు కూడా వేయించారు.

అప్పట్నించీ దాదాపు ముప్పై ఏళ్ళు ఆవిడ ఒక్క మ్యాచ్ వదల్లేదు. పడమటి ఎండ మొహాన కొడుతుంటే కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊచల్లోంచి "ఆఫ్‌సైడురా సన్నాసీ!" అని అరిచేది. రిఫరీలు ఆ గోడ వైపు రావడానికి భయపడేవాళ్ళు. బంతి మాత్రం ఎన్నిసార్లు వచ్చి ఊచలకు కొట్టుకుందో! ఠంగున మోగి వెనక్కి పోవడమే తప్ప ఒక్కసారైనా ఆవిడ చేతికి అందింది లేదు.

మాస్టారు పోయి నాలుగేళ్ళయింది. క్లబ్బు వాళ్ళు గౌరవంగా టీచరుగారిని ప్రెసిడెంటుని చేశారు. పని ఏమీ లేదు. కప్పు అందించాలి, దండ వేయించుకోవాలి. ఓట్లు సమానంగా వస్తే ప్రెసిడెంటు ఓటు చెల్లుతుందని నిబంధనల్లో ఎక్కడో ఉంది. దాన్ని అప్పటిదాకా ఎవరూ చదవలేదు.

తొంభై ఎనిమిది మేలో ఆ అవసరం వచ్చిపడింది.

ఆ ఏడు ప్రపంచ కప్పు. టీవీలో స్టేడియాలు చూపిస్తుంటే పేట కుర్రాళ్ళకి వాళ్ళ నాలుగు మెట్లు మరీ చిన్నగా కనపడటం మొదలెట్టాయి. అదే సమయంలో సిమెంటు షాపు వరప్రసాదరావుగారు కమిటీ మీటింగుకి వచ్చి, "తూర్పు పక్కన పది మెట్లు కట్టండి. రెండొందల బస్తాలు నేనిస్తా. మా నాన్నగారి పేరు చెక్కించండి చాలు" అన్నారు.

కెప్టెన్ ఎడ్విన్ ఎగిరి గంతేశాడు. "నందిగామ మ్యాచ్‌కి జనం గోడలెక్కుతున్నారండీ! కట్టాల్సిందే."

"ఏడాదికొక్క మ్యాచ్‌కా?" అన్నాడు సెక్రటరీ బుల్లిబాబు. "మిగతా రోజుల్లో ఆ ఉన్న నాలుగు మెట్ల మీద మేకలు పడుకుంటున్నాయి. ఏడేళ్ళయింది నందిగామ మీద గెలిచి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! ముందు గోల్ కొట్టండి, తర్వాత మెట్లు కడదాం."

"నీకేం, కుర్చీలు అద్దెకిచ్చుకుంటావు" అన్నారు వరప్రసాదరావుగారు. బుల్లిబాబుకి షామియానా షాపుంది లెండి.

"నా కుర్చీల ఊసెందుకండీ మధ్యలో?"

ఓట్లు వేశారు. నలుగురు అటు, నలుగురు ఇటు. అందరూ టీచరుగారి వైపు తిరిగారు.

టీచరుగారి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. తూర్పు పక్కన పది మెట్లంటే ఎక్కడ? సరిగ్గా ఆవిడ గోడకి ఆనుకుని. కిటికీ కాస్తా మెట్ల వెనక పడి మూసుకుపోతుంది. కట్టొద్దంటే క్లబ్బుకి అన్యాయం. కట్టమంటే ఆయన చేత్తో పెట్టిన కిటికీ పోతుంది. పోనీ పైకి చెబుదామా అంటే, ఊరికి స్టేడియం కావాల్సి వస్తే నా కిటికీ అనటానికి నోరెలా వస్తుంది?

"తూర్పు పక్కన కూర్చుంటే ఎండ కళ్ళల్లో పడుద్దయ్యా" అంది చివరికి. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, నాకు తెలుసు. కాస్త ఆలోచించి చెప్తా."

చెప్పింది నిజమే. ఆ నిజం వెనక అసలు నిజం దాక్కుంది, అంతే.

వరప్రసాదరావుగారికి ఆలోచనలతో పనిలేదు. మర్నాడు పొద్దున్నే లారీలో బస్తాలు దింపించేశారు. ఎక్కడ పెట్టాలంటే, ఎలాగూ కట్టేది అక్కడే కదా అని టీచరుగారి గోడ పక్కనే దించారు. ముఠా కూలీలు బస్తాల నెట్టు కట్టేటప్పుడు ఊరికే గుట్టగా పడేయరు. పై వరసకి మోసుకెళ్ళాలంటే తామే ఎక్కాలి కాబట్టి, ముందు వరస తక్కువ ఎత్తు, వెనక వరస ఎక్కువ ఎత్తు, అలా మెట్లు మెట్లుగా పేరుస్తారు. అలాగే పేర్చారు. గోడ పొడుగునా అయిదు మెట్ల నెట్టు తయారైంది. పై వరస వచ్చి కిటికీ గడప కింద ఆగింది. ఆ పైన లారీ మీద కప్పే నల్ల బరకం ఒకటి కప్పి, వాన నీళ్ళు వాలుగా జారిపోవాలని దాని పై అంచుని కిటికీ ఊచల పై కొసలకి తాళ్ళతో బిగించాడు ఎడ్విన్.

"ఉండనివ్వండి టీచరుగారూ, మీరు ఊ అనగానే పని మొదలెట్టేస్తాం" అన్నాడు.

ఆవిడకి కిటికీ తెరిస్తే నల్లటి గోడ. ఆదివారం వచ్చింది. "ఇంకో వారం ఆగండి" అంది. మరో ఆదివారం వచ్చింది. "మోకాలి నొప్పిగా ఉంది, బుర్ర పనిచెయ్యట్లేదు" అంది. మోకాలికీ బుర్రకీ సంబంధం ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అక్కడున్న వాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర గోడకుర్చీ వేసినవాళ్ళే.

జూన్ మొదటి శనివారం నందిగామ మ్యాచ్.

నాలుగున్నరకి విజిల్ మోగింది. టీచరుగారు బరకం వెనక కూర్చుని చెవులతో మ్యాచ్ చూడటానికి ప్రయత్నించింది. "ఓయ్!" అన్నారు జనం. ఏమైందో తెలీదు. "అబ్బా!" అన్నారు. ఎవడి అబ్బో తెలీదు. హాఫ్ టైమ్‌కి పక్కింటి అహల్య గోడ మీంచి తల పెట్టి, "ఒకటి ఒకటంటండీ! మా ఆయన ఇందాకే వచ్చి చెప్పి పోయారు" అంది. అహల్య భర్త మండలాఫీసులో గుమాస్తా. ఆవిడా ఆటంటే చెవికోసుకునేదే, కానీ ఏ మ్యాచ్ అయినా భర్త చెబితే వినడమే.

ఒకటి ఒకటా! టీచరుగారికిక ఒళ్ళాగలేదు. ఆకాశం చూసింది. దక్షిణాన కాస్త మబ్బుంది గానీ, రోహిణి ఎండలు మాడ్చేస్తుంటే వానేంటి! ఊచల దగ్గర ముడి ఒకటి విప్పింది. రెండోది విప్పింది. బరకం బరువుకి తనంతట తనే సర్రున జారి, బస్తాల కింద మడతపడింది. ఎదురుగా పచ్చగా గ్రౌండు, మొహాన పడమటి ఎండ. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"లెఫ్టు ఖాళీగా ఉందిరా, లెఫ్టు!" అని ఒక్క కేక పెట్టింది. గ్రౌండులో ఎడ్విన్ ఉలిక్కిపడి, లెఫ్టుకే ఇచ్చాడు. కళ్ళన్నీ బంతి మీదే ఉన్నాయి, బరకం జారిన సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంకో పది నిమిషాలుందనగా గాలి లేచింది. అయిదు నిమిషాలుందనగా చినుకులు. రెండు నిమిషాలుందనగా పేటకి పెనాల్టీ వచ్చింది. అప్పటికి వాన దంచికొడుతోంది, బంతి బురదలో కూరుకుపోతోంది, టీచరుగారు ఊచలు పట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటోంది. ఎడ్విన్ కొట్టాడు. గోల్! ఏడేళ్ళ తర్వాత నందిగామ మీద గెలుపు! జనం వానలో గంతులు, కేకలు. టీచరుగారు ముందు గదిలోకెళ్ళి మాస్టారి ఫొటోకి చెప్పి వచ్చి, వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీ రెక్కలు మూసి, ఆ సంతోషంలో రెండు ముద్దలు ఎక్కువే తిని పడుకుంది. బరకం సంగతి గుర్తులేదు. బొత్తిగా గుర్తులేదు. వాన తెల్లారేదాకా కురిసింది.

పొద్దున్నే ఎడ్విన్ నెత్తి కొట్టుకుంటున్న చప్పుడుకి కిటికీ తెరిచింది. "అయ్యయ్యో టీచరుగారూ, బరకం జారిపోయింది! రాత్రి గాలికి ముళ్ళు ఊడినట్టున్నాయి!"

టీచరుగారు తేలు కుట్టిన దొంగలా "ఆఁ... గాలి... బాగానే వేసింది" అంది.

చర్చికి వెళ్ళింది. ఆ రోజు పాస్టరుగారికి వేరే వాక్యమే దొరకనట్టు అననీయ, సప్పీరాల గురించి చెప్పారు. నిజం దాచి, అడిగిన చోటే కూలి చచ్చిపోయిన మొగుడూ పెళ్ళాలు. "సప్పీరా!" అని ఆయన గట్టిగా అన్నప్పుడల్లా టీచరుగారు చీర కొంగు సర్దుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో పిల్లలకి ఇన్నేళ్ళు చెప్పింది గానీ, ఆవిడకి తెలిసింది మాత్రం ఆ పూటే.

సాయంత్రం కమిటీ అంతా నెట్టు చుట్టూ చేరింది. వరప్రసాదరావుగారు పై బస్తాని వేలితో నొక్కారు. తర్వాత పిడికిలితో కొట్టారు. రాయి! ముఠా వాళ్ళు గునపం వేస్తే ఠంగుమని మోగింది. బస్తాకీ బస్తాకీ మధ్య కారిన నీళ్ళు కూడా సిమెంటై అన్నీ కలిసి ఒకటే ముద్దయ్యాయి.

"కట్టిందెవరు?" అన్నారాయన.

"నేనేనండి. గట్టిగానే బిగించానండి."

"గట్టిగా బిగిస్తే ఊడుద్దా? తాడు ముడెయ్యటం చేతగానోడివి కెప్టెన్ ఎట్టా అయ్యావయ్యా? బుల్లిబాబూ, రాసుకో. వీణ్ణి తీసెయ్యండి. లేకపోతే నా పేరు క్లబ్బులోంచి తీసెయ్యండి."

నిన్న సాయంత్రం భుజాల మీద ఊరేగిన ఎడ్విన్, ఇవాళ తల వంచుకుని కాలి బొటనవేలితో బురద గీస్తూ నిలబడ్డాడు. వాడి ముడి ఎంత గట్టిదో ఆవిడ వేళ్ళకి తెలుసు. రెండు గోళ్ళు విరిగాయి దాన్ని విప్పడానికి.

"వాడిదేం తప్పు లేదు" అంది టీచరుగారు. "విప్పింది నేను."

బుల్లిబాబు పెన్ను ఆగింది.

"మ్యాచ్ కనపట్లేదని విప్పా. మళ్ళీ కట్టటం మర్చిపోయా. ఆ ఒక్కటే కాదు. మూడు వారాల్నించీ ఓటెయ్యకుండా నానుస్తున్నానే, అదీ ఈ కిటికీ కోసమే. ఎండా లేదు, మోకాలూ లేదు. మెట్లు కడితే నా కిటికీ మూసుకుపోద్ది. మాస్టారు పెట్టిన కిటికీ. చెప్పుకోటానికి సిగ్గేసింది. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి, వాణ్ణి కాదు."

బుల్లిబాబు మొదట పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడు, తర్వాత పుస్తకం తీసేసి నవ్వాడు. "రెండొందల బస్తాలు! ఒక్క పెనాల్టీకి! టీచరుగారూ, ఇంత ఖరీదైన టిక్కెట్టు ఆ ప్రపంచ కప్పులో కూడా ఉండదండీ!"

నవ్వు అంటుకుంది. వరప్రసాదరావుగారు మాత్రం నవ్వలేదు. టీచరుగారిని ఏమీ అనలేక, ఆ కోపం బస్తాల మీద చూపించారు. "ఎత్తి మునేటి నీళ్ళల్లో పారేయండి" అని ముఠా వాళ్ళకి చెప్పి వెళ్ళిపోయారు.

చెప్పినంత తేలికా? ముఠా వాళ్ళు రెండ్రోజులు గునపాలు విరగ్గొట్టుకున్నారు. పొడుగు నెట్టులో మధ్యన లోపలెక్కడో ఒక ముప్పై బస్తాలు తడవకుండా బతికి బయటపడ్డాయి. మిగతాది కదల్లేదు. "ఇది కొండండీ, కొండని మోసే ముఠా కాదు మాది" అని మేస్త్రీ చేతులెత్తేశాడు. ఎడ్విన్ ఆ ముప్పై బస్తాల్లో కాస్త తీసి, కన్నం పడిన చోట రాళ్ళు నింపి, పైన నున్నగా పూత పూయించాడు. పిల్లలకి మోకాళ్ళు గీరుకుపోకుండా ఉంటాయని తప్ప వాడికింకో ఆలోచన లేదు.

పూత ఆరిన సాయంత్రం అహల్య చాట తీసుకుని టీచరుగారింటికొచ్చింది. తలుపు తీసేలోపు బియ్యం ఏరుదామని, ఇంటి వెనక్కి పోయి ఆ పూత మీద కూర్చుంది. గ్రౌండులో కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారు. అటు చూస్తూ ఏరుతూ ఉండిపోయింది.

ఇంటికెళ్ళాక భర్త, "ఏంటే, స్టేడియంలో కూర్చున్నావంట!" అన్నాడు.

"స్టేడియం ఏంటి మీ మొహం! టీచరుగారి అరుగు మీద కూర్చున్నా" అంది అహల్య.

అరుగు మీద కూర్చున్న ఆడమనిషిని తప్పు పట్టిన మగాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఆ మాట నాలుగిళ్ళు దాటేసరికి ఊరికి గ్యాలరీ ఒకటి, అరుగు ఒకటి అని లెక్క తేలిపోయింది. గ్యాలరీ ఎప్పట్లాగే మగాళ్ళది. అరుగు ఎవరిదైనా కావచ్చు.

జూన్ నెలాఖరు శనివారం క్లబ్బు కప్పు పోటీ ఫైనలు. ఈ ఏడు అందులోనూ మళ్ళీ నందిగామే. నాలుగింటికల్లా టీచరుగారు కిటికీ తెరిచింది. తెరిచి బిత్తరపోయింది. ఎదురుగా గ్రౌండు లేదు. వీపులున్నాయి! వీపులు, జడలు, మల్లెపూలు, ముడులు. అయిదు మెట్ల నిండా ఆడవాళ్ళు, కొంగులు నుదుటి మీదికి లాక్కుని ఎండకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పప్పుచెక్కలు తెచ్చుకున్నవాళ్ళు, చంటిపిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు. మొదటి మెట్టు మీద వరప్రసాదరావుగారి తల్లి, కొడుకు చిన్నప్పుడు ఆడిన ఒక్క మ్యాచ్ కూడా చూడని ఎనభై ఏళ్ళ ముసలమ్మ, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని దర్జాగా ఉంది. ఆయన పడమటి పక్కనుంచి తల్లిని చూసి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నారు.

"ఏయ్, కాస్త వంగండే! ఏమీ కనపట్లేదు నాకు!" అని ఊచల్లోంచి కేకేసింది టీచరుగారు.

అహల్య వెనక్కి తిరిగింది. "వంగితే మాకు కనపడదు కదండీ! మీరే బయటికి రండి. పై మెట్టు మీద మీ చోట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

టీచరుగారు ఊచలు వదల్లేదు. తను భయపడినంతా జరిగింది. మెట్లొచ్చాయి, కిటికీ మూసుకుపోయింది, రెండూ తన చేతి చలవే. ఏడుపొచ్చింది. ఆ వెంటనే విజిల్ మోగింది. విజిల్ మోగాక ఆవిడకి ఏడవడం చేతకాదు. చెప్పులేసుకుని, తలుపు దగ్గరకి లాగి, ఇంటి చుట్టూ తిరిగి వచ్చింది. మోకాలు నొప్పి నిజంగానే ఉంది పాపం. అహల్య ఒక చెయ్యీ ఇంకెవరో ఒక చెయ్యీ పట్టుకుని పైకి ఎక్కించారు. సరిగ్గా తన కిటికీ ముందు, ఊచలకి వీపు ఆనించి కూర్చుంది.

ఊచలు లేకుండా గ్రౌండు ఎంత పెద్దదో! రెండు గోల్ పోస్టులూ ఒకేసారి కనపడుతున్నాయి. ఆ కుడివైపు మూల జెండా అక్కడ ఉంటుందని ముప్పై ఏళ్ళుగా అనుకోవడమే గానీ, ఆట నడుస్తుండగా చూడటం ఇదే మొదలు. "మాస్టారూ, ఆ జెండా సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?" అనుకుంది మనసులో. అనుకుని నవ్వుకుంది.

ఇరవయ్యో నిమిషంలో నందిగామ వాడు ఒకడు బంతిని బలంగా బయటికి తన్నాడు. అది గాల్లో లేచి అరుగు మీదికొచ్చింది. ఆడవాళ్ళు కెవ్వుమని తలలు వంచారు. అలవాటు కొద్దీ ఊచలకి కొట్టుకుందామని వచ్చిన బంతి, ఊచల ముందు టీచరుగారుండేసరికి ఆవిడ ఒళ్ళో పడింది.

ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. వెచ్చగా ఉంది, మట్టిగా ఉంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

ఆట ఆగింది. ఎడ్విన్ గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చి చేతులు చాచాడు. "టీచరుగారూ, బంతి!"

ఇవ్వలేదు.

"త్రో మనదేనండీ! బంతివ్వండి, టైమైపోతోంది!"

"ఇస్తాలేరా. ముందు ఆ బుల్లిబాబుని పుస్తకం తెమ్మను" అంది టీచరుగారు, బంతిని గుండెకి హత్తుకుని. "నా ఓటు మీకింకా బాకీ ఉంది. పైన ఇంకో అయిదు మెట్లు కట్టాలని రాసుకోమను. రాసి సంతకం పెడితేగానీ బంతివ్వను."